కండె గొట్టం

“ఆగస్టు పదిహేడు, శనివారం. శ్రావణమాసం. గా రోజు సర్వపిండి చేసిన, పచ్చిపులుసు చేసిన. ఆయన పాలమూరు నుంచి వచ్చేసరికి మూడు దాటింది. చేతులు గూడ కడుక్కోలే అన్నా. సంచిల నుంచి రివాల్వర్ తీసి నా ముందర పెట్టి ‘ఎట్లున్నది లీలా’ అన్నడు. నాలుగు తుంటలు తిన్నడు. ఇంకోటి ఏస్తుంటే చెయ్యి అడ్డం పెట్టిండు.”

లీలమ్మ అక్కడ ఆగింది. వెంకటనర్సు కూడా రాయడం ఆపి, ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. మనిషి పోయిన రెండో రోజున ఇంటివాళ్ళు తారీకులు తప్పుతారు, వారాలు తప్పుతారు. తిన్నది మాత్రం తప్పరు. ఆ సంగతి అతనికి పోలీసు నౌకరీ నేర్పలేదు. మూడేళ్ళ కింద భార్య శోభ పోయినప్పుడు తెలిసింది.

నల్లగొండ పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఒక్క ఏళ్ళు తుపాకులు విప్పి, తుడిచి, బిగించిన మనిషి వెంకటనర్సు. రిటైరయ్యాక అడిగినవాళ్ళకు చిన్నాచితకా దర్యాప్తులు చేసిపెడుతున్నాడు. నిన్న మధ్యాహ్నం బక్కమ్మ అనే గొల్ల ఆమె బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చి, “మా ఆయన గుర్వయ్యను ఖూనీ కేసుల పట్టుకపోయిన్రు” అని గడప మీద కూలబడింది. ఆ మాట మీదనే అతను పొద్దున్నే కొత్తకోట దగ్గరి దాసరిపేటకు వచ్చాడు.

జరిగింది ఇది. లీలమ్మ భర్త భిక్షపతి పట్టుచీరల నేతగాడు. ఇంటి వెనక షెడ్డులో ఆరు మగ్గాలు. మొన్న మంగళవారం, కార్తీక పున్నమి. సాయంత్రం ఆరూ ఇరవైకి లీలమ్మ దీపాలు తీసుకొని గుడికి పోయింది. మగ్గాలవాళ్ళకు ఆ రోజు సెలవు. కాపలా ఉండే గుర్వయ్య మేకలను దొడ్లో తోలడానికి ఆరున్నరకు బయటికి పోయాడు. పావు తక్కువ ఏడుకు రోడ్డు మీది హోటల్ వాళ్ళకు పెద్ద చప్పుడు వినబడింది. లారీ టైరు పేలిందనుకున్నారు. ఏడూ పదిహేనుకు లీలమ్మ తిరిగి వచ్చేసరికి భిక్షపతి షెడ్డు పక్క గదిలో బోర్లా పడి ఉన్నాడు. పక్కన గుర్వయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో రివాల్వర్.

“కింద పడి ఉండె అమ్మా, మళ్ళ పేల్తదేమో అని పైకి తీసిన” అని గుర్వయ్య అప్పుడూ చెప్పాడు, ఇప్పుడూ చెబుతున్నాడు. నమ్మినవాళ్ళు ఇద్దరే. ఒకరు బక్కమ్మ. రెండో మనిషి ఎవరో వెంకటనర్సుకు పొద్దుననే తెలిసింది. లాకప్పులో గుర్వయ్య ముందున్న టిఫిన్ గిన్నె ఎవరిదని అడిగితే, కానిస్టేబుల్ తల గోక్కొని, “చచ్చిపోయినాయన ఇంటి నుంచే వచ్చింది” అన్నాడు.

“అక్కా, చాయ్ తాగు. నిన్నటి సంది పచ్చి మంచినీళ్ళ మీదనే ఉన్నవు.”

లీలమ్మ తమ్ముడు శ్రవణ్‌కుమార్ పళ్ళెంలో మూడు గ్లాసులు పట్టుకొని వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక గ్లాసు వెంకటనర్సు చేతికిచ్చాడు.

“మీరు గుర్వయ్య దిక్కుకెల్లి వచ్చిన్రట గద. అయినా తాగున్రి. ఇంటికచ్చిన మనిషి.”

“సల్లగుండు నాయినా,” అని వెంకటనర్సు చాయ్ తీసుకున్నాడు. “బావ రివాల్వర్ కొననీకి పోయిన నాడు నువ్వు ఎంబడి పోయినవా?”

“పోదునే. గా రోజు గద్వాలల దోస్తు పెండ్లి ఉండె. బావ ఒక్కడే పోయిండు.”

లీలమ్మ తల ఊపింది. “ఒక్కన్నే పోయొస్త అన్నడు. రెండేండ్ల కింద చీరల మూటతోని వస్తుంటే హైవే మీద కొట్టి దోచుకున్నరు గద. అప్పటి సంది నాకే భయం. నేనే లైసెన్సు తీసుకోమని సతాయించిన. నా నోరు పడిపోను.”

“నీ తప్పు కాదు చెల్లె,” అన్నాడు వెంకటనర్సు. “గా రివాల్వర్ ఎట్లుంటదో జర చెప్పు.”

“పోలీసు సారుకు చెప్పిన గదన్నా. కండె గొట్టందని.”

వెంకటనర్సు చేతిలోని గ్లాసు పెదవి దాకా పోయి ఆగింది.

చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు పళ్ళెంలో పెట్టి, సంచిలోంచి పోలీసులు రాసుకున్న వాంగ్మూలం నకలు తీశాడు. రెండో పేజీలో ఆ వాక్యం ఉంది. ‘నా భర్త కొన్న రివాల్వర్‌కు కండెలాంటి లావుపాటి గొట్టం ఉండును.’ కింద లీలమ్మ సంతకం. దాని కిందనే దొరికిన రివాల్వర్ వివరం. ముప్పై రెండు బోరు, పాతది, వెనకున్న సుత్తి, అదే ఘోడా, ఎత్తకుండానే ట్రిగ్గర్ గుంజితే పేలే రకం. గొట్టం నాలుగంగుళాలు, మొదలు నుంచి కొస దాకా ఒకటే మందం, కొస దగ్గర కొలిస్తే రెండు సెంటీమీటర్లు.

“చెల్లె, ‘లావుపాటి’ అన్న మాట నువ్వే చెప్పినవా?”

“నేనెందుకంట? కండె అన్న. అంతే.”

“కండె అంటే ఏందో నాకు చూపియ్యి.”

లీలమ్మ అతని దిక్కు వింతగా చూసింది. “నువ్వు మా సాలోల్ల బిడ్డవే అంటివి?” అని, పక్కనున్న గంపలోకి చెయ్యి పెట్టి, పోగును అటూ ఇటూ నడిపే నాడెలో పెట్టి నేసే కండె ఒకటి తీసి ముందు పెట్టింది. మొదట్లో బొటనవేలంత లావు. కొసకు పోను పోను సన్నబడి, చిటికెన వేలు కంటే సన్నం. దాని మీద ఎర్రటి పట్టు పోగు ఇంకా చుట్టుకొని ఉంది.

“గిట్లనే ఉంటది. దుకాణపాయన రెండు చూపిచ్చిండట. ఒకటి మొద్దుదట, ఒకటి గిట్ల కండె లెక్కదట. చేతిల పడితే నాడె పట్టినట్టే ఉన్నదని గిదే తీసుకున్నడు.”

“మరి పోలీసులు నీకు రివాల్వర్ చూపించి గిదేనా అని అడగలేదా?”

“అడిగిన్రు. రక్తం ఉన్నదేమో అని నేను కండ్లు మూసుకొని ఊ అన్న.” ఆమె కండెను అతని చేతికిచ్చింది. “ఏమైందన్నా?”

వెంకటనర్సు వాంగ్మూలం మడిచి సంచిలో పెట్టాడు. ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. శ్రవణ్‌కుమార్ ఖాళీ గ్లాసుల పళ్ళెం పట్టుకొని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“నేను కడుగుత గని ఉండక్కా,” అని లోపలికి పోయాడు.

*

భిక్షపతి పడిన గది పన్నెండడుగుల పొడుగు, తొమ్మిదడుగుల వెడల్పు. ఒకటే తలుపు, షెడ్డులోకి. ఒకటే కిటికీ, పెరట్లోకి. చీరల బీరువా, కుర్చీ, గోడకు మేకు. మేకుకు తోలు ఒర వేలాడుతోంది.

వెంకటనర్సు ఒరను కిందికి తీసి వాసన చూశాడు. కొత్త తోలు, లోపల నూనె. కొత్తకోట చెప్పుల భిక్షం కుట్టాడని లీలమ్మ చెప్పింది. తోలును తడిపి, రివాల్వర్ మీదనే బిగించి ఎండబెట్టి కుట్టిన పని అది. ఆయుధం తీసేసినా దాని ఆకారం తోలులోనే నిలిచిపోయింది. పైన వెడల్పు, కిందికి పోను పోను సన్నం. అడుగున రంధ్రం దగ్గర కొలిస్తే సెంటీమీటరున్నర కూడా లేదు. తెచ్చుకున్న కండెను అందులో జారవిడిచాడు. నాడెలో కూర్చున్నట్టు కూర్చుంది.

అతను మోకాళ్ళ మీద వంగి కిటికీ చువ్వలు చూస్తుండగా వెనక బూట్ల చప్పుడైంది.

“ఏందయ్యా నర్సూ, కేసు నాదా, నీదా?”

సి.ఐ. రాజేందర్. నలభై దాటని మనిషి. మధిర వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. నిన్న సాయంత్రం ఫోన్లోనే వెంకటనర్సును రెండుసార్లు కసిరాడు.

“కేసు మీదే సారు. బక్కమ్మ దుఃఖం ఒక్కటే నాది.”

“మాటలకేం తక్కువ లేదు. బీరువా తాళంచెవి గుర్వయ్య మొలతాడుకుంది. రివాల్వర్ మీద గుర్వయ్య వేళ్ళు. రెండు రోజుల ముందు వాడి మేకలు వీధిలో సాగదీసిన పడుగు కొరికి పాడుచేశాయి. నెల రోజుల పని పోయింది. భిక్షపతి నలుగురిలో వాణ్ణి తిట్టాడు. ఇంకేం కావాలి నీకు?”

“తిట్టిండు. అదే పూట పిలిచి బువ్వ గూడ పెట్టిండు. గది రాసుకున్నరా సారు?”

“బువ్వ సాక్ష్యం కాదు.”

“సరే, ఒర సాక్ష్యమే గద. మీరు పట్టుకున్న రివాల్వర్ గిండ్ల పట్టదు. తెచ్చి పెట్టి చూడున్రి.”

“సీలేసిన ఆయుధాన్ని నీకోసం విప్పాలా? రేపు ల్యాబుకు పోతుంది. తోలు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది.”

“తోలు బిగిస్తే అంతటా బిగుస్తది సారు, కొసకే బిగియ్యది.” వెంకటనర్సు ఒరలోంచి కండె తీసి అతని ముందు పెట్టాడు. “గిది ఏంది?”

“దారం కర్ర.”

“గీ ఊళ్ళె దీన్నే కండె అంటరు. లీలమ్మ చెప్పింది గిదే. మీరు రాసుకున్నది ఏది?”

రాజేందర్ కండెను తీసుకొని వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. “మా వైపు కండె అంటే మొక్కజొన్న కండె. నా పిడికిలంత ఉంటది. మా ఊళ్ళో పసిపిల్లాణ్ణడిగినా అదే చెబుతాడు.”

“మీ ఊళ్ళె సచ్చిపోలే సారు ఆయన.”

“నోరు జాగ్రత్త!” రాజేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. “ఇనుము మీద నంబరు 5190. లైసెన్సు మీద 5190. దుకాణం బిల్లు మీద 5190. కండె అయినా, కందగడ్డ అయినా నంబరు నంబరే. ఆ ఆయుధం భిక్షపతిదే. ముప్పయ్యేళ్ళు తుపాకులకు నూనె రాసినోడివి, నంబరు విలువ నేను చెప్పాలా నీకు?”

దెబ్బ సరిగ్గానే తగిలింది. వెంకటనర్సు ఒరను మళ్ళీ మేకుకు తగిలించాడు. కండె సన్నం, ఒర సన్నం. పట్టుబడిన రివాల్వర్ మాత్రం మొద్దు. అయినా నంబరు భిక్షపతిదే. ఇవన్నీ ఒకేసారి నిజం కావాలంటే ఎక్కడో ఒక మనిషి చెయ్యి తప్పి ఉండాలి.

“నంబరు పడేది ఇనుము మీదనే సారు. గని కాగితం మీదికి దాన్ని ఎక్కించేది మనిషే గద,” అన్నాడు మెల్లగా.

“రేపు పది గంటలకు గుర్వయ్యను కోర్టులో పెడతాను. ఈలోగా ఏమన్నా ఉంటే తీసుకురా. లేకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు.” గడప దాకా పోయి రాజేందర్ వెనక్కి తిరిగాడు. “వాడికి పొద్దుట్నుంచి జ్వరం. గోళీలు ఇప్పించాను. ఆ పెద్దావిడకు చెప్పు, ఊరికే ఏడవొద్దని.”

మంచిమాట కూడా కసిరినట్టే చెప్పాడు. వెంకటనర్సుకు అతని మీద ఉన్న కోపంలో సగం అక్కడే పోయింది.

*

పాలమూరులో తుపాకుల దుకాణం గౌసుద్దీన్ సాబుది. డెబ్భై దాటిన మనిషి. కంటికి మోతిబిందు, అంటే శుక్లాల ఆపరేషన్ అయిందని నల్ల అద్దాలు పెట్టుకున్నాడు. వెంకటనర్సు లోపల అడుగు పెట్టేసరికి అయిదు కావస్తోంది.

“భిక్షపతి మియా యాదిలేకేం. అల్లా ఆయనకు జన్నత్ ఇయ్యాలె,” అన్నాడు. “పాత రివాల్వర్ కొననీకి వచ్చేటోళ్ళు మస్తు మంది వస్తరు. సినిమాలల్ల చూసినట్టు గిర్రున తిప్పి, మెరుపు చూసి కొంటరు. గీయన తుపాకి ముట్టనోడే గని చేతుల్ల పని ఉన్నోడు. చక్రాన్ని రెండేళ్ళతోని పట్టి ఊపిండు, కదులుతదా అని. ఘోడా ఎత్తకుండ ట్రిగ్గర్ మెల్లగ, మెల్లగ గుంజిండు. ఘోడా పడకముందే చక్రం టక్కున ఆగుతదా లేదా అని చెవి పెట్టి ఇన్నడు. గొట్టం కొస కాడ గోరు పెట్టి, గోరు మీద పడ్డ ఎలుగుల లోపలి గాట్లు చూసిండు. ఎవలు నేర్పిన్రు అంటే, ‘మగ్గం గూడ గిట్లనే చూస్తం సేట్’ అన్నడు.”

“రెండు చూపించిన్రట.”

“ఒకే కంపెనీవి, ఒకే బోరువి. బయటి దేశం మాల్, ఇప్పుడు దొరకది. ఒకటి మోటీ నాల్, మొద్దు గొట్టం. ముందర బరువుంటది, చెయ్యి వణకది, నిషానా నిలబడ్తది, గురి తప్పది. ఇంకోటి పత్లీ నాల్, సన్న గొట్టం. తేలిక, నడుముకు బరువు ఉండది. గని పేలినప్పుడు చెయ్యి ఎగుర్తది. నేను మోటీ తీసుకోమన్న.” ముసలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఆయన నవ్విండు. ‘నేను ఎవల్ని కొట్టనీకి కొంటలేను సేట్. ఇంటిదానికి ధైర్యం కోసం కొంటున్న. నిషానా తప్పితే ఇంకా మంచిది’ అన్నడు. పత్లీదే పట్కపోయిండు.”

“పత్లీదేనా? పక్కా?”

“నేను మనుషుల పేర్లు మరుస్త. మాల్ మరువ.”

“రిజిస్టర్ చూపిస్తరా?”

ఎర్ర అట్ట పుస్తకం బల్ల మీదికి వచ్చింది. సరుకు దుకాణంలోకి వచ్చినప్పుడు రాసిన పేజీ ముందు తీశారు. నంబరు 2836, పక్కన ఉర్దూలో ఒక మాట. నంబరు 5190, పక్కన ఇంకో మాట.

“ఇదేం రాసిన్రు?”

“పత్లీ. గిది మోటీ. నా గుర్తు కోసం రాసుకుంట.”

అంటే సన్న గొట్టానిది 2836. మొద్దు గొట్టానిది 5190. వెంకటనర్సు అమ్మకాల పేజీ తిప్పాడు. ఆగస్టు పదిహేడు. భిక్షపతి. నంబరు 5190. పక్కన ఉర్దూలో అదే మొదటి మాట. పత్లీ.

ఒకే గీతలో నంబరు ఒకటి చెబుతోంది, మాట ఇంకొకటి చెబుతోంది.

“సాబ్, నంబరు దేన్ని చూసి రాసిన్రు?”

గౌసుద్దీన్ పుస్తకాన్ని ముఖం దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. పుస్తకం కింద పెట్టి, నంబరు మీద వేలు పెట్టాడు. “యా అల్లా. అప్పటికి ఆపరేషన్ కాలే. ఇనుము మీది సన్న అక్షరాలు కండ్లకు ఆనకపోయేటియి. ట్రిగ్గర్ కాడ దారంతోని నంబరు చీటీలు కట్టి ఉంచేటోణ్ణి. చీటీ చూసి రాసిన. ఇనుము చూసి రాయలే.”

“చీటీలు మారినయి.”

“చూసేటప్పుడు అడ్డమొస్తున్నయని ఇప్పిన్రు. మళ్ళ కట్టింది నేను గాదు. ఎంబడి వచ్చినాయన కట్టిండు.”

వెంకటనర్సు పుస్తకం మీంచి తల ఎత్తాడు. “ఎంబడి ఎవలో వచ్చిన్రా?”

“వచ్చిండు గద, ఈడనే బజార్ల కలిసిండట. నేను నీళ్ళు తాగనీకి లోపలికి పోయొచ్చేసరికి ఆయనే ముడులేస్తున్నడు. నేత ముడి, గట్టిగ. గాయననే మళ్ళ తొమ్మిది రోజులకు ఒక్కడే వచ్చి, మోటీది కొన్నడు. ఆగస్టు ఇరవై ఆరు. గిదో, లైసెన్సు జిరాక్సు.”

కాగితం మీద ఫొటో మసకగా పడింది. మసకైతేనేం. పొద్దున చేతికి చాయ్ గ్లాసు ఇచ్చిన ముఖం అది. శ్రవణ్‌కుమార్. నంబరు 2836. పక్కన ఉర్దూలో, మోటీ.

వెంకటనర్సు జిరాక్సును అమ్మకాల పేజీ పక్కన పెట్టాడు. ఇప్పుడు అంతా ఒక వరసలో వచ్చింది. మొదటి రోజు ముడులు చెయ్యి తప్పి పడ్డాయో, కావాలని పడ్డాయో అది వేరే సంగతి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కొన్న మొద్దు రివాల్వర్‌ను శ్రవణ్‌కుమార్ మొన్న పున్నమి సాయంత్రం తెచ్చాడు. కాగితాల మీద అది బావదే. దాంతోనే బావను కాల్చి అక్కడే పడేశాడు. ఒరలోంచి బావ సన్న రివాల్వర్ తీసుకొని పోయాడు. కాగితాల మీద అది తనదే. రేపు ఎవరు తనిఖీ చేసినా అతని నంబరు అతని దగ్గరే ఉంటుంది. కేసు ఎన్ని చేతులు మారినా గుర్వయ్యే మిగులుతాడు. ఎందుకు చేశాడన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆరూ ఇరవై. వెంకటనర్సు రాజేందర్‌కు ఫోన్ చేసి, ఒక్కో నంబరూ రెండుసార్లు చెప్పాడు. అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినబడింది.

“ఇనుము నేను చూశాను, కాగితం నేనే చూశాను,” అన్నాడు రాజేందర్ చివరికి. గొంతులో కసురు లేదు. “కాగితం రాసినోణ్ణి చూడలేదు. సరే. కానీ ముసలాయన చూపు ఆనని రోజుల్లో రాసుకున్న ఉర్దూ ముక్కల్ని ఏ వకీలైనా పది నిమిషాల్లో కొట్టేస్తాడు. ఇంట్లో ఉన్నది సన్న గొట్టమే అని లీలమ్మ తన నోటితో చెప్పాలి. ఆ ఆయుధాన్ని దగ్గర్నుంచి చూసింది ఆమె ఒక్కతే. ఆమె చెబితేనే గుర్వయ్య బయటికొస్తాడు.”

“పొద్దున చెప్పింది సారు. కండె చేతిల పట్టుకొని చూపిచ్చుకుంట చెప్పింది.”

“ఎవరి ముందు?”

వెంకటనర్సుకు పొద్దున్నటి చాయ్ పళ్ళెం గుర్తొచ్చింది. తన ప్రశ్నే ఆమె చేత చెప్పించింది. తనకు ఆ జవాబు ఎంత విలువైందో, పళ్ళెం పట్టుకొని నిలబడ్డవాడికీ అంతే విలువైంది.

“గాడు అక్కడనే ఉండె సారు,” అన్నాడు.

“నేను వనపర్తిలో ఉన్నాను. జీపు తీస్తున్నా. అరగంట. ఆమెను బయటికి రమ్మను, ఏదో ఒకటి చెప్పి.”

ఫోన్ అయిదుసార్లు మోగాక లీలమ్మ ఎత్తింది.

“చెల్లె, ఇంట్ల ఎవలున్నరు?”

“ఎవలున్నరన్నా, చుట్టాలంతా నాలుగు గంటల బస్సుకు పోయిన్రు. పదోనాటికి మళ్ళ వస్తరు. సావు ఇంట్ల ఒక్కదాన్ని పండుకోనియ్యద్దు గద, తమ్ముడు తోడుంటనన్నడు. దీపం పెట్టిన. జర ఒరుగుదామని…”

“ఇను. జవాబు చెప్పకు, ఊ అను. చెప్పులేసుకొని ఇప్పుడే పక్కింటికి పో. ఏమన్న అడిగితే చక్కెర కోసమను.”

“చక్కెరెందుకన్నా? ఉన్నది గద ఇంట్ల,” అంది లీలమ్మ అమాయకంగా, పైకే. తర్వాత గొంతు కొంచెం దూరమైంది. “ఆ, నర్సన్నే. ఏమో, చక్కెర అంటుండు. మాట్లాడుతవా?”

ఫోన్ చేతులు మారింది.

“నర్సన్నా,” అన్నాడు శ్రవణ్‌కుమార్. గొంతు పొద్దున ఉన్నంత మెత్తగానే ఉంది. “ఇంకా పాలమూరులనే ఉన్నవా? గౌసు సాబు బాగున్నడా? కండ్లు మంచిగైనయట గద.”

“అక్కకు ఫోనియ్యి,” అన్నాడు వెంకటనర్సు.

“అక్క బాగ అలిసింది. రెండు దినాల సంది నిద్ర లేదు. ఏమున్నా పొద్దున మాట్లాడుకుందురు.”

లైను తెగలేదు. ఫోన్‌ను దేని మీదనో బోర్లా పెట్టిన చప్పుడైంది. చాప పరిచినట్టుంది. “పండుకో అక్కా,” అన్న మాట వినబడింది. అడుగులు నింపాదిగా గది దాటి అవతలికి పోయాయి. నిద్రపోయేవాళ్ళను లేపకూడదన్నట్టు మెల్లగా వీధి తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడింది.